ఎనిమిదో కంప్యూటర్

పల్లవిని చూసి నేను కుళ్ళుకోవడం మొదలుపెట్టింది మదనపల్లెలో. 1998లో, బీఎస్సీ మొదటి సంవత్సరం ఫిజిక్స్ పరీక్ష మార్కులు బోర్డు మీద అంటించిన రోజున. నాకు డెబ్బై ఎనిమిది, ఆమెకు తొంభై ఒకటి. నాకన్నా ముందు ఇంకో ఇద్దరు కూడా ఉన్నారు. వాళ్ళ మీద నాకేమీ అనిపించలేదు, వాళ్ళెవరో నాకు తెలియదు. పల్లవి ఎవరో తెలుసు. నా బాధంతా అదే.

ఆమె మా ఊరి పిల్ల. పెద్దపంజాణి దగ్గర మా పల్లె. మాకు పన్నెండెకరాల శెనక్కాయ చేను, ఒక బోరు, దాని కింద కాస్త టమాటా. పల్లవి వాళ్ళ నాయన బాలప్ప, అమ్మ పూలమ్మ మా చేనిలో కూలికి వచ్చేవాళ్ళు. బడి లేని రోజుల్లో పల్లవి కూడా వచ్చేది. నేను గట్టు మీద గొడుగు వేసుకుని పుస్తకం చదువుకుంటుంటే ఆమె ఎండలో వంగి కలుపు తీసేది. ఆ పిల్ల నాకన్నా పదమూడు మార్కులు ఎక్కువ తెచ్చుకోవడం ఏమిటని నా కడుపు భగ్గుమంది. పైకి మాత్రం నవ్వి, బాగా రాసినావే అన్నాను. ఆమె ఆ మాట నమ్మింది. దానికి ఇంకా ఒళ్ళు మండింది.

మా పల్లెలో ఆమె నన్ను అమ్మణ్ణీ అని పిలిచేది. మదనపల్లెలో అసలు పిలిచేదే కాదు. నాతో పనిపడితే దగ్గరికొచ్చి నిలబడేది, నేను తలెత్తేదాకా. 2001లో ఇద్దరం ఎంఎస్సీకి కుప్పం వెళ్ళాం. అక్కడ చేరిన వారానికి హాస్టల్ భోజనాల గదిలో, సాంబారు గిన్నె ఇటు జరపమని అడుగుతూ, మొదటిసారి ‘భారతీ’ అంది. అందరూ అట్లాగే పిలుస్తారు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

కుప్పంలో మాకు కంప్యూటేషనల్ ఫిజిక్స్ చెప్పింది కుప్పుస్వామి సార్. తమిళం యాస కలిసిన తెలుగు మాట్లాడేవాడు, సుద్దముక్క పట్టుకుంటే గంట ఎప్పుడు కొట్టారో చూసుకునేవాడు కాదు. ప్రయోగశాలలో చేయలేనిదీ, కాగితం మీద లెక్కగట్టలేనిదీ కంప్యూటర్ చేత చేయించడమే ఈ చదువు అని మొదటిరోజే చెప్పాడు. సూపర్ కంప్యూటర్ అనగానే మేమందరం బీరువా అంత యంత్రాన్ని ఊహించుకున్నాం. అదేమీ కాదు, చిన్న యంత్రాలు చాలా కలిసి ఒకే లెక్కను పంచుకుని చేస్తే అదే సూపర్ కంప్యూటర్ అన్నాడాయన. ఆఫీసువాళ్ళు వద్దనుకున్న ఎనిమిది కంప్యూటర్లను అడిగి తెచ్చుకుని, మూతలు తీసేసి, వైర్లతో కలిపి, పక్కన మూడు టేబుల్ ఫ్యాన్లు పెట్టాడు. ఏడు ఒకే రకం. ఎనిమిదోది మరీ పాతది, నత్తనడక.

మాకిచ్చిన లెక్క కూడా ఆయన ఈ నేల చూసే ఎంచాడు. కుప్పం చుట్టూ గ్రానైటు క్వారీలు. పొద్దంతా ఎండలో కాగిన బండ మీద ఉన్నట్టుండి వాన పడితే, లోపల వేడి ఎటు కదులుతుంది, ఎక్కడ చీలిక వస్తుంది? బండను లక్షల చిన్న గళ్ళుగా విడగొట్టాలి. ఒక్కో గడి వేడి దాని చుట్టూ ఉన్న గళ్ళ మీద ఆధారపడుతుంది. గళ్ళన్నిటినీ ఎనిమిది కంప్యూటర్లకు పంచాలి. ప్రతి కంప్యూటరూ తన అంచు గళ్ళ సంగతి పక్కదానికి చెబుతూ, పక్కదాని అంచు సంగతి అడుగుతూ ముందుకు పోవాలి. వినడానికి ఇంతే.

నేను పద్ధతిగా రాశాను. అందరికీ సమానంగా పంచాను. మొదటి కంప్యూటర్‌ను పెద్దను చేశాను. ఏ సంగతైనా దానికి చెప్పుకోవాలి, అదే అందరికీ చెప్పాలి. తీరా నడిపితే ఒక్క కంప్యూటర్ చేసే పనికన్నా ఎనిమిది కలిసి చేసిన పని ఆలస్యమైంది. క్లాసంతా నవ్వారు. సార్ కూడా నవ్వి, తక్కినవాళ్ళవీ దాదాపు ఇంతే, బాధపడొద్దన్నాడు. ఒక్క పల్లవిది మాత్రం అంతా అనుకున్నదానికన్నా వేగంగా నడిచింది. ఎట్లా చేశావో లేచి చెప్పమన్నాడు.

పల్లవి లేచి నిలబడి, నా వైపు కాదు, కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

“మేము కలుపుకు దిగితే వరసగా నిలబడతాము సార్. మనిషికి నాలుగు సాళ్ళు. వరసలో ముసిలామె ఉంటే ఆమెకు రెండే. మిగిలిన రెండూ అటుపక్కామె ఒకటి, ఇటుపక్కామె ఒకటి పట్టుకుంటారు. ఎవురూ ఎవుర్నీ అడగరు. అప్పుడు వరస వంకర పోదు. గట్టుమీదుండే వాళ్ళకు ఎవురు నిదానమో తెలీదు. ఎనిమిదో కంప్యూటర్ ముసిలిది సార్, దానికి సగమే ఇచ్చినా. అంచు సంగతి పక్కపక్కనోళ్ళే మాట్లాడుకుంటారు, పెద్దను అడిగే పని లేదు.”

కుప్పుస్వామి సార్ కుర్చీలో కూచున్నాడు. పుస్తకాలు రాసినవాళ్ళు ఇదే మాట ముప్పై పేజీల్లో చెప్పారని, ఆమె ఒక్క నిమిషంలో చెప్పిందని అన్నాడు. క్లాసు చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను, చేతులు నొప్పి పుట్టేలా.

గట్టు మీద ఉండేవాళ్ళు అంటే మేమే. మా నాయన మునిస్వామి పదిమందిలో గొప్పగా చెప్పుకునేవాడు, మా చేనిలో కూలోళ్ళ వరస దారం పట్టినట్టు పోతాదని. ఆ దారం వెనక సంగతి ఇదన్నమాట. బాలప్ప వాళ్ళమ్మ మారెమ్మ డెబ్బై ఏళ్ళ మనిషి, ఆఖరిదాకా మా చేనిలో కలుపు తీసింది. ఏ ఒక్కరోజూ ఆమె వెనకబడినట్టు మాకు కనపడలేదు. ఇరవై ఏళ్ళు గట్టు మీద కూచున్న నాకు తెలియని సంగతి, మా చేనే పల్లవికి నేర్పింది. మా చేను, మా శెనక్కాయ, మా కలుపు. నేర్చుకున్నది ఆమె. ఆ సెలవుల్లో ఈ మాట నాయనకు చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. మంచితనం వల్ల కాదు. అది చెబితే పల్లవి ఎంత తెలివైనదో కూడా నా నోటితోనే చెప్పాల్సి వచ్చేది.

రెండో సంవత్సరం డిసెంబరులో అసలు కథ మొదలైంది. బెంగుళూరులో ఒక పరిశోధన కేంద్రంలో నిజమైన సూపర్ కంప్యూటర్ మీద ఆరు నెలలు ప్రాజెక్టు చేయడానికి మా కాలేజీ నుంచి ఒక్కరిని పంపమన్నారు. ఒక్క సీటు. ఆ ఆరు నెలలు బాగా చేసినవాళ్ళను అక్కడే పరిశోధనకు తీసుకుంటారని సార్ చెప్పాడు. మా నాయన ఆ మాట వినగానే తేల్చేశాడు, ఆ సీటు వస్తే ఎంత దూరమైనా చదువుకో, రాకుంటే ఇంటికొచ్చి బీఎడ్ చేసి ఏ బడిలోనో చేరు అని. నాకు బడి వద్దు. నాకు బెంగుళూరు కావాలి. నిజం చెప్పాలంటే, బెంగుళూరు పల్లవికి రాకపోవడం ఇంకా ఎక్కువ కావాలి.

సార్ ఇద్దరి పేర్లు తీసుకున్నాడు, నాదీ ఆమెదీ. బండ లెక్కను పూర్తిగా, పెద్ద కొలతలతో నడిపి ఫలితం చూపించాలి. ఎవరిది తక్కువ సమయంలో సరిగ్గా వస్తే వాళ్ళ పేరు సోమవారం పొద్దున పది గంటలకు ఫ్యాక్సులో పంపుతానన్నాడు. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీలు పెట్టించాడు. నా వంతు ముందు వచ్చింది. ఈసారికి నేను కూడా పెద్దను తీసేసి, అంచు సంగతులు పక్కవాటినే మాట్లాడుకోనిచ్చాను. అయినా పంచడంలో ఎనిమిదోదానికి తక్కువ ఇవ్వడానికి నా మనసు ఒప్పలేదు. అది ఆమె పద్ధతి కదా. అరవై ఎనిమిది గంటలు పట్టింది. గురువారం మధ్యాహ్నం పల్లవి తన లెక్క మొదలుపెట్టింది.

రెండు రోజులు ఆమె ఆ గదిలోంచి కదల్లేదు. శనివారం భోజనం చేసి, కాసేపు పడుకుని వస్తానని హాస్టల్‌కు వెళ్ళింది. రెండు గంటలప్పుడు నేను ల్యాబ్‌కు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, చూడటానికి. అంతకుమించి ఏ ఆలోచనా లేదని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. తెర మీద అంకెలు పైకి పోతున్నాయి. వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. సాయంత్రం ఆరుకల్లా అయిపోతుంది. యాభై గంటలు చాలు ఆమెకు. నాకు అరవై ఎనిమిది.

ఎనిమిదో కంప్యూటర్ గోడ పక్కన, కిటికీ కింద ఉండేది. దాని వెనక వైరు పట్టుకుని లాగాను. పెద్దగా బలం కూడా పెట్టలేదు, టక్కుమని వచ్చేసింది. దాన్ని ఊడి పడినట్టు కిందకి వదిలేశాను. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. తెర మీద అంకె ఆగిపోయింది. తక్కిన ఏడూ ఆ ముసలిదాని కబురు కోసం ఎదురుచూస్తున్నాయి. ఆ క్షణాన నాకు భయం వేయలేదు. హాయిగా అనిపించింది. నాలుగేళ్ళ నుంచి గుండెల మీద ఉన్న బరువు దిగినట్టు హాయిగా ఉంది. ఆ హాయిని నేను ఎవరికీ చెప్పుకోలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అయిదింటికి పల్లవి వచ్చి చూసింది. అప్పటిదాకా నడిచిన లెక్కను మధ్యలో ఎక్కడా దాచిపెట్టుకునే జాగా ఆ పాత యంత్రాల్లో లేదు. మళ్ళీ మొదటి నుంచి నడపాలంటే సోమవారం రాత్రి అవుతుంది. ఊడ్చే జయమ్మ చీపురు తగిలి వైరు ఊడిందని ఎవరో అన్నారు. సార్ ఆమెను పిలిపించి గట్టిగా అడిగాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నోరు విప్పలేదు. పల్లవే అడ్డుపడి, జయమ్మ శనివారం ఈ గదిలోకే రాలేదని, వైరు తానే సరిగా బిగించలేదని చెప్పింది. సార్ ఫలితం లేకుండా పేరు పంపలేనని, నియమం పెట్టిందే తాను కదా అని, సోమవారం నా పేరు పంపాడు.

ఆమె చేసిన పనికి నేను కరిగిపోయి ఉండాల్సింది. కరగలేదు. జయమ్మను కాపాడటానికి తప్పు తన మీద వేసుకుందే, ఆ మంచితనం కూడా ఆమెకే రావాలా అని అక్కడ కూడా కన్ను కుట్టింది.

బెంగుళూరులో సూపర్ కంప్యూటర్‌ను అద్దాల గదిలో పెట్టారు. మమ్మల్ని దాని దగ్గరికి పోనివ్వరు. వేరే గదిలో కూచుని మన లెక్కను పంపిస్తే వరసలో నిలబెడతారు. నా వంతు వారానికి నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలు సరిపోయేందుకు చివరికి నేను పల్లవి పద్ధతే వాడాను. నిదానంగా నడిచేవాటికి తక్కువ, వేగంగా నడిచేవాటికి ఎక్కువ. నా గైడు మెచ్చుకుని, ఈ ఆలోచన ఎక్కడిదని అడిగాడు. మా చేనిలోది అన్నాను. అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

పరిశోధనకు ఇంటర్వ్యూ చేసినప్పుడు, ఇక ముందు ఏం చేయాలనుకుంటున్నావని అడిగారు. పల్లవి ఏం చేస్తుందో దానికన్నా ఒక మెట్టు పైన ఉండటం తప్ప నేను ఎప్పుడూ ఏమీ అనుకోలేదని ఆ గదిలో కూచున్నాక తెలిసింది. వాళ్ళు నన్ను తీసుకోలేదు. తిరిగొచ్చి బీఎడ్ చేశాను, పుంగనూరులో పెళ్ళయింది, అక్కడే ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను.

పల్లవి మదనపల్లెలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరింది. మొదట కంప్యూటర్ ల్యాబ్‌లో యంత్రాలు తుడిచి, ఆన్ చేసి పెట్టే పని. రెండేళ్ళకు లెక్చరర్‌ను చేశారు. ఆమె వార్తలు నేను వెతుక్కుని మరీ వినేదాన్ని. బి.కొత్తకోట బస్సులో పిల్లలు ‘పల్లవి మేడం’ అని ఆ పేరుతోనే మాట్లాడుకోవడం విన్నాను. మా పిల్లలు నన్ను ఫిజిక్స్ మేడం అంటారు, నా పేరు వాళ్ళకు తెలియదు. ఆమె పెళ్ళి చేసుకుందని, మొగుడు ఆమె ఉద్యోగానికి అడ్డు చెప్పడని విన్నాను. అమ్మను కూలి మాన్పించిందని విన్నాను. విన్న ప్రతిసారీ రెండు రోజులు ఇంట్లో గిన్నెలు చప్పుడు చేసేదాన్ని.

2009 ఆగస్టులో మా కాలేజీకి పాత కంప్యూటర్లు కొన్ని దానంగా వచ్చాయి. వాటిని కలిపి పిల్లల చేత పని చేయించడం ఎట్లాగో పల్లవినే అడిగి రమ్మని ప్రిన్సిపాల్ నన్నే పంపాడు. కాదంటే ఎందుకని అడుగుతాడు. వెళ్ళాను.

ఆమె ల్యాబ్‌లో ఆరు యంత్రాలు, మూతలు తీసి, వైర్లతో కలిపి ఉన్నాయి. చుట్టూ పదిహేనుమంది పిల్లలు. టమాటా మార్కెట్టులో ఏ ఊరి సరుకు ఎప్పుడు వస్తే ధర ఎట్లా మారుతుందో లెక్క కడుతున్నారు. నన్ను చూడగానే పల్లవి ముఖం విప్పారింది. పిల్లల వైపు తిరిగి, “ఈ మేడం బెంగుళూరులో సూపర్ కంప్యూటర్ మింద పని చేసిన మనిషి. మీరు పుస్తకంలో సూసేది ఆమె కళ్ళారా సూసింది” అని చెప్పింది. పిల్లలు గబగబా లేచి నిలబడ్డారు.

అందులో వెటకారం కోసం వెతికాను. లేదు. ఆ గౌరవం నిజమైనదే. అది నాకు చెంపదెబ్బలా తగిలింది. పశ్చాత్తాపంతో చెప్పానని అనుకుంటే బాగుండేది, నిజానికి కోపంతో చెప్పాను. పిల్లలు భోజనానికి వెళ్ళాక, టిఫిన్ డబ్బా మూత తీస్తున్న ఆమె ముందు నిలబడి అనేశాను.

“ఆ వైరు నేనే లాగినా.”

ఆమె మూత పక్కన పెట్టింది.

“తెలుసు భారతీ. తలుపు కాడ పుస్తకం ఉండేది గదా, లోపలికి పొయ్యేవాళ్ళు పేరు, టైము రాసేది. నువ్వు రోజూ రాసినట్టే ఆ పొద్దు కూడా రాసినావు. రెండూ పది అని. సార్ సూడకముందే ఆ కాగితం నేనే చించేసినా.”

స్టూలు లాక్కుని కూచున్నాను. అంత తెలిసీ ఎందుకు చించావని అడిగాను. నన్ను కాపాడటానికే అని చెబుతుందేమోనని భయపడ్డాను. ఆ మాట అంటే నేను తట్టుకోలేను.

“నీ కోసరం కాదు,” అంది ఆమె. “ఆ శనివారం మా అమ్మ మీ చేన్లోనే ఉండాది. నేను సార్‌కు చెప్తే నీ పేరు పోతాది. మీ నాయనకు కోపమొస్తాది. సోమవారం మా అమ్మ యాడికి పోవల్ల పనికి? మా ఊర్లో బోరుండేది మీకొక్కరికే.”

ఇన్నేళ్ళూ నేను రెండే అనుకున్నాను. ఆమెకు తెలియదని, లేదా తెలిసినా మంచితనంతో వదిలేసిందని. ఆ మంచితనం మీద కూడా కుళ్ళుకున్నాను. అది మంచితనం కాదు. మేమంటే భయం. నేను వైరు లాగుతున్నప్పుడు ఆమె నోరు కూడా మా గట్టు కిందే ఉంది, ఆ సంగతి నాకు తట్టనే లేదు. మీ అమ్మ కూలి మానేసి నాలుగేళ్ళయింది కదా, అప్పుడన్నా చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. ఎందుకన్నానో తెలియదు, ఏదో ఒక తప్పు ఆమె మీద వేయాలని కాబోలు.

“అప్పటికి సీటు లేదు గదా,” అంది.

కోపంగా అనలేదు, ఏడవనూ లేదు. డబ్బా నా వైపు జరిపి, పులిహోర ఉండాది తిను అంది. నేను తినలేదు. కంప్యూటర్లు కలపడం ఎట్లాగో ఆమె ఒక కాగితం మీద బొమ్మ గీసి, వైర్ల కొలతలతో సహా రాసిచ్చింది. ఈలోగా భోజనం ముగించిన పిల్లలు వెనక్కి వచ్చి, మేడం మేడం అంటూ ఆమె చుట్టూ మూగారు. ఒకమ్మాయి ఆమె కుర్చీ చేతి మీద చెయ్యేసి నిలబడి ఏదో అడుగుతోంది.

అంతా విన్నాక కూడా, ఆ గుమ్మంలో నిలబడి ఆ పిల్లలను చూసినప్పుడు నాకు మొదట కలిగింది కుళ్ళే. సిగ్గు ఆ తర్వాత వచ్చింది, పుంగనూరు బస్సు ఎక్కి కూచున్నాక.